చవక రంపంతో ఇంట్లో కలప కోస్తున్నారా?

కొడవలి గాయం మాకు కొత్త కాదు. గొడ్డలి దెబ్బ, మోటారు సైకిలు ప్రమాదం, మరమగ్గంలో నలిగిన వేలు, ఇవన్నీ ప్రభుత్వాసుపత్రిలో పనిచేసే డాక్టరు పాతికేళ్ళుగా చూస్తున్నవే. కాని ఈ నాలుగైదేళ్ళుగా జగిత్యాల, కోరుట్ల, సిరిసిల్ల ప్రాంతాల నుంచి మరో రకం గాయం వస్తున్నది. గాయం అంచులు కత్తితో కోసినట్లు నున్నగా ఉండవు. పీచు పీచుగా చినిగి ఉంటాయి. లోపల రంపపు పొట్టు, నల్లటి నూనె, లుంగీ దారపు పోగులు ఇరుక్కుని ఉంటాయి. అది పెట్రోలుతో నడిచే గొలుసు రంపం చేసిన గాయం. మన వైపు దీన్ని ‘కట్టె కోత మిషను’ అంటున్నారు.

మొన్నటి వానాకాలంలో కోరుట్ల దగ్గరి ఊరి నుంచి ఒకాయనను 108 బండిలో తెచ్చారు. నలభై అయిదేళ్ళ మనిషి. దుబాయిలో పన్నెండేళ్ళు కష్టపడి తిరిగి వచ్చాడు. ఇల్లు కట్టుకుంటున్నాడు. గాలివానకు పెరట్లో వేపచెట్టు పడిపోయింది. ఆ వేపతోనే దర్వాజలు చేయించుకోవాలని ఆయన ముచ్చట. దుంగను ట్రాక్టరులో ఎక్కించి పట్నంలోని కోత మిల్లుకు తీసుకుపోవాలంటే మోత కూలి, బండి కిరాయి, కోత కూలి. ఇంతలో సెల్‌ఫోనులో ఒక వీడియో చూశాడు. ఎవరో ఒక మనిషి ఇంటి ముందే దుంగను పలకలుగా కోసేస్తున్నాడు. పదివేల లోపు ధరకు అటువంటి మిషను ఇంటికే తెచ్చి ఇస్తామంటే తెప్పించుకున్నాడు.

రెండు పలకలు బాగానే వచ్చాయట. మూడో పలక సగంలో ఉండగా రంపం కొస లోపల దాగి ఉన్న ఇనుప మేకుకు తగిలింది. ఎప్పుడో వాళ్ళ నాయన దండెం కట్టడానికి కొట్టిన మేకు అది. చెట్టు పెరిగి దాన్ని మింగేసింది. రంపం ఎగిరి ఎడమ తొడ మీద పడింది.

‘‘సారూ, నా ఇంటాయన బతుకుతడా?’’ అని ఆయన భార్య నా చెయ్యి పట్టుకుని అడిగింది. గాయం విప్పి చూస్తే తొడలోని పెద్ద రక్తనాళానికీ రంపం కోతకూ మధ్య రెండు వేళ్ళ ఎడం ఉంది. ఆయన బతికాడు. అందుకు మా చికిత్స కంటే ముందు ఆయన పదహారేళ్ళ కొడుకు కారణం. ఆ అబ్బాయి తువ్వాలు మడతపెట్టి గాయం మీద అదిమి, బండి వచ్చేదాకా తన బరువంతా దాని మీద వేసి కూర్చున్నాడు. ‘‘పక్కింటి పెద్దవ్వ పసుపు తెచ్చింది సార్. వద్దన్న. బాపు కాలు ఒత్తిపట్టుకున్న, ఇడువలే’’ అన్నాడు.

ఈ వారం ఈ మిషను గురించి వివరంగా రాయాలనిపించడానికి ఆ అబ్బాయే కారణం.

డాక్టర్లు పుట్టించిన రంపం

గొలుసు రంపం మొదట తయారైంది చెట్ల కోసం కాదని చెబితే పాఠకులు ఆశ్చర్యపోతారు. 18వ శతాబ్దం చివర జాన్ ఐట్‌కెన్, జేమ్స్ జెఫ్రే అనే ఇద్దరు స్కాట్లండు వైద్యులు ఎముక కోయడానికి పళ్ళున్న సన్నని గొలుసును వాడారు. 1830 ప్రాంతంలో జర్మనీలో బెర్నార్డ్ హైనే అనే ఆయన చేతితో తిప్పే గొలుసు రంపం చేశాడు. అదీ ఎముకల కోసమే. చెట్లు కోసే కరెంటు రంపాన్ని 1926లో, పెట్రోలు రంపాన్ని 1929లో జర్మనీకి చెందిన ఆండ్రియాస్ స్టీల్ తయారుచేశాడు. అంటే ఎముకను సులువుగా తెగ్గొట్టే గుణం ఈ పరికరానికి పుట్టుకతోనే ఉంది. ఈ సంగతి మరచిపోరాదు.

ఇవాళ్టి పెట్రోలు రంపంలో గొలుసు పూర్తి వేగంతో సెకనుకు సుమారు 20 మీటర్లు పరుగెత్తుతుంది. మీరు ‘అమ్మా’ అనేలోగా వందల పళ్ళు ఒంటి మీదుగా పోతాయి. చెయ్యి వెనక్కు తీసుకుందామనే ఆలోచన మెదడు నుంచి చేతికి చేరేలోగా జరగవలసింది జరిగిపోతుంది. ‘‘నేను జాగ్రత్తగానే ఉంటాను’’ అనే మాట ఇక్కడ సరిపోదు.

ఎదురు దెబ్బ అంటే ఏమిటి?

రంపం బారు కొసలో పై భాగం దేనికైనా తగిలితే గొలుసు అక్కడ ఒక్క క్షణం పట్టుకుంటుంది. గొలుసులో ఉన్న బలమంతా అప్పుడు బారును పైకీ, వెనక్కూ, అంటే పట్టుకున్న మనిషి మీదికి విసురుతుంది. దీన్నే ఎదురు దెబ్బ అనవచ్చు. ముఖం, మెడ, ఎడమ భుజం దీనికి గురి అవుతాయి. చెయ్యి అలిసి రంపం కిందికి జారినప్పుడు ఎడమ తొడ, మోకాలు తెగుతాయి.

చెట్టును అడ్డంగా నరకడం వేరు, దుంగను నిలువుగా పలకలు కోయడం వేరు. పలకల కోతకు బారును రెండు వైపులా బిగించి దుంగ మీద జరిపే ఇనుప చట్రం ఉంటుంది. ఆ చట్రంలో బారు కొస కూడా బిగిసి ఉంటుంది కనుక ఎదురు దెబ్బ భయం చాలావరకు తగ్గుతుంది. కాని మన వైపు ఎక్కువమంది చట్రం కొనరు. దారం కొట్టి గీత వేసుకుని చేతి వాటంతో కోస్తారు. నేను చెప్పిన కోరుట్ల ఆయన చేసిందీ అదే.

ఇంకొక సంగతి. మిషనుతో వచ్చే గొలుసు సాధారణంగా అడ్డకోతకు పనికివచ్చేది. దాని పళ్ళు సుమారు 30 డిగ్రీల కోణంలో సాన పట్టి ఉంటాయి. నిలువు కోతకు 10 డిగ్రీల కోణంలో సాన పట్టిన వేరే గొలుసు కావాలి. అది లేకపోతే రంపం సరిగా దిగదు. మనిషి ఒళ్ళు బరువేసి తోస్తాడు. ఇంజను ఊపిరాడక వేడెక్కుతుంది. తోసేవాడి నడుము నొప్పెడుతుంది, చెయ్యి వణుకుతుంది. ప్రమాదం జరిగేది సరిగ్గా అప్పుడే.

చవక మిషనులో తక్కువయ్యేది ఏది?

బజారులో, ఫోనులో చవకగా దొరికే మిషన్లు చాలావరకు పేరున్న విదేశీ నమూనాలకు నకళ్ళు. రూపం అచ్చు గుద్దినట్లు అలాగే ఉంటుంది. అన్నీ చెడ్డవని నేననను. తెలిసిన మెకానిక్కు చేతిలో వాటిలో కొన్ని ఏళ్ళ తరబడి నడుస్తున్నాయి. కాని తయారీలో పైసలు మిగుల్చుకోవాలంటే కంటికి కనిపించని చోటనే మిగుల్చుకుంటారు కదా. ఆ కనిపించని భాగాలే మన ఒంటికి రక్షణ.

మొదటిది గొలుసు బ్రేకు. ముందు పిడికి ఎదురుగా ఉండే ప్లాస్టిక్కు రేకు అదే. ఎదురు దెబ్బ తగిలినప్పుడు అది ముందుకు ఒరిగి గొలుసును క్షణంలో ఆపేయాలి. కొన్ని నకళ్ళలో అది అలంకారానికే ఉంటుంది. రెండవది పిడికీ ఇంజనుకూ మధ్య ఉండే రబ్బరు దిమ్మలు, స్ప్రింగులు. ఇవి కంపాన్ని చేతికి రాకుండా ఆపుతాయి. నాసిరకం రబ్బరు కొద్ది రోజుల్లో గట్టిపడి పోతుంది. మూడవది గొలుసు తెగినప్పుడు దాన్ని పట్టి ఆపే చిన్న కొక్కెం. నాలుగవది వదిలేస్తే దానంతటదే మూసుకునే రేసు మీట.

కొన్న రోజునే రెండు పరీక్షలు చేయండి. మిషనును నేల మీద పెట్టి స్టార్టు చేసి రేసు వదిలేయండి. గొలుసు కదలకుండా నిలబడాలి. తిరుగుతూనే ఉంటే మెకానిక్కుకు చూపించి సరిచేయించేదాకా ముట్టుకోవద్దు. తరువాత బ్రేకు వేసి కొద్దిగా రేసు ఇవ్వండి. అప్పుడూ గొలుసు కదలరాదు. కదిలితే ఆ మిషను తిప్పి పంపండి. కొన్నది వంకాయ, కొసరింది గుమ్మడికాయ అన్నట్లు, మిషనుకు పెట్టిన దాని కన్నా ఆసుపత్రికి ఎన్నో రెట్లు పెట్టిన కుటుంబాలను నేను చూశాను.

ఇంతకంటే చెడ్డది ఇంకొకటి ఉంది. గోడలు, ఇనుము కోసే చేతి గ్రైండరుకు గొలుసు రంపాన్ని తగిలించి అమ్ముతున్నారు. ధర వందల్లోనే. నాలుగు అంగుళాల గ్రైండరు నిమిషానికి సుమారు 11,000 సార్లు తిరుగుతుంది. అది గొలుసును తిప్పడానికి చేసిన యంత్రం కాదు. దానికి గొలుసు బ్రేకు లేదు. చాలా గ్రైండర్లలో చెయ్యి తీసినా స్విచ్చి ఆగదు. ఆ తగిలింపును ఎవరు ఊరికే ఇచ్చినా తీసుకోవద్దని నా సలహా.

నేను చేసిన పొరపాటు

గాయం కంటికి కనిపిస్తుంది. కనిపించని జబ్బు కూడా ఈ మిషను ఇస్తుంది.

కొన్నేళ్ళ క్రితం చలికాలంలో ఒక యువకుడు నా దగ్గరకు వచ్చాడు. ‘‘పొద్దున చన్నీళ్ళల్ల చెయ్యి పెడితే ఏళ్ళు తెల్లగైతున్నయి సార్. మొద్దుబారుతున్నయి. గుండీలు పెట్టుకోరాదు’’ అన్నాడు. రక్తం తక్కువేమోనని మాత్రలు రాసి పంపాను. నెల తరువాత మళ్ళీ వచ్చాడు. బలానికి సూదిమందు ఇచ్చాను. మూడోసారి వచ్చినప్పుడు గాని, ‘‘నువ్వు చేసే పనేమిటి?’’ అని అడగలేదు. ఊరూరా తిరిగి కట్టె కోత మిషనుతో చెట్లు కోస్తానని, మూడేళ్ళుగా రోజుకు అయిదారు గంటలు అదే పని అని చెప్పాడు.

ఇటలీ వైద్యుడు రామజ్జీని 1700లో కార్మికుల జబ్బుల మీద పుస్తకం రాస్తూ, రోగిని అడిగే ప్రశ్నలతో పాటు ‘నీ వృత్తి ఏమిటి?’ అని కూడా అడగండని డాక్టర్లకు చెప్పాడు. మూడువందల ఏళ్ళ నాటి ఆ మాటను నేను మరచిపోయాను. ఆ యువకుడికి నెలల కాలం వృథా అయింది.

అది కంపం వల్ల వచ్చే ‘తెల్లవేళ్ళ జబ్బు’. వణికే యంత్రాన్ని గంటల తరబడి పట్టుకుంటే వేళ్ళలోని సన్నని రక్తనాళాలూ, నరాలూ దెబ్బతింటాయి. చలి తగిలితే ఆ నాళాలు బిగుసుకుని వేళ్ళు పాలిపోతాయి. 1918లో అమెరికాలోని ఇండియానా రాష్ట్రంలో రాళ్ళు చెక్కే కార్మికులలో ఆలిస్ హామిల్టన్ అనే డాక్టరమ్మ దీన్ని వివరంగా పరిశీలించింది. ఫిన్లాండులో ఒక ప్రాంతపు అడవి కార్మికులను 1972లో పరీక్షిస్తే నూటికి 40 మందికి ఈ జబ్బు ఉంది. కంపం తక్కువగా ఉండే రంపాలు వచ్చాక 1990 నాటికి అది నూటికి 5కు తగ్గింది. పిడి కింద రబ్బరు దిమ్మ ఎంత విలువైనదో ఈ లెక్క చెబుతుంది. చవక మిషనులో కొరవడేది సరిగ్గా అదే.

కంపం రెట్టింపయితే పని చేయదగ్గ సమయం సగం కాదు, నాలుగో వంతుకు పడిపోతుంది. మంచి మిషనుతో ఎనిమిది గంటలు చేసే పనిని రెట్టింపు వణికే మిషనుతో రెండు గంటలకు మించి చేయరాదు. మధ్యలో పది పదిహేను నిమిషాల కొకసారి ఆపి చేతులకు విశ్రాంతి ఇవ్వాలి. బీడీలు, సిగరెట్లు కాల్చేవారికి ఈ జబ్బు మరింత బాధ పెడుతుంది. పొగ కూడా ఆ నాళాలనే బిగిస్తుంది. ఊరు ఊరంతా బీడీలు చుట్టే మన ప్రాంతంలో ఈ మాట గట్టిగా చెప్పవలసి ఉంది. వేళ్ళు తెల్లబడడం మొదలవగానే మిషను పక్కన పెడితే జబ్బు చాలావరకు అక్కడితో నిలుస్తుంది. నిర్లక్ష్యం చేస్తే వేళ్ళలో స్పర్శ తిరిగి రాకపోవచ్చు. ఆ యువకుడు పని మార్చుకున్నాడు. ఇప్పటికీ చలికాలం ఉదయాన ఉన్ని తొడుగులు లేనిదే బయటికి రాలేడు.

చెవులు, ముక్కు, కళ్ళు

గొలుసు రంపం చప్పుడు సుమారు 110 డెసిబెల్లు. 85 డెసిబెల్ల చప్పుడును ఎనిమిది గంటలు వినవచ్చని, ఆపైన ప్రతి 3 డెసిబెల్లకూ సమయం సగానికి తగ్గించాలని అమెరికా వృత్తి ఆరోగ్య సంస్థ లెక్క కట్టింది. ఆ లెక్కన 110 డెసిబెల్లను చెవి భరించగలిగేది ఒకటిన్నర నిమిషమే. ‘‘మేము మగ్గాల చప్పుడులో పుట్టి పెరిగాం, మాకేం కాదు’’ అని సిరిసిల్ల మిత్రులు అంటారు. చెవి అలవాటు పడదు. లోపలి నరం కణాలు ఒక్కొక్కటే చచ్చిపోతాయి, మళ్ళీ పుట్టవు. చప్పుడు బాధించడం లేదంటే ఆ మేరకు చెవుడు వచ్చిందని అర్థం. దూది సరిపోదు. చెవుల మీద దొప్పలలాగా పెట్టుకునే చెవి కవచాలు వాడాలి.

రంపపు పొట్టు సంగతి. ప్రపంచ ఆరోగ్య సంస్థకు చెందిన క్యాన్సరు పరిశోధనా సంస్థ 1995లో కట్టెపొడిని క్యాన్సరు కలిగించే పదార్థాల మొదటి తరగతిలో చేర్చింది. ఇంగ్లండులో కుర్చీల తయారీకి పేరుపడ్డ హై వికమ్ పట్నంలో, ముక్కు లోపల వచ్చే అరుదైన క్యాన్సరు వడ్రంగులకే ఎక్కువగా వస్తున్నదని 1960లలో అక్కడి వైద్యులు కనిపెట్టారు. ఏళ్ళ తరబడి పొడి పీల్చినవారి సంగతి అది. ఒక వేపచెట్టు కోసినవారు బెంబేలు పడనక్కరలేదు. కాని ఉబ్బసం ఉన్నవారికి ఒక్క పూట పొట్టే చాలు, ఆయాసం రేపడానికి. టేకు పొట్టు కొందరి ఒంటి మీద దద్దురు, దురద తెస్తుంది. మామిడి సొన పడినచోట పొక్కులు రావచ్చు. నల్లజీడి చెట్టు సొన అయితే కాల్చినట్లే చేస్తుంది. తడి తువ్వాలు కట్టుకుంటే పెద్ద పొట్టు ఆగుతుంది, సన్నని పొడి ఆగదు. కరోనా రోజుల్లో అందరికీ అలవాటైన ఎన్95 మాస్కు వాడండి. పొట్టు ముక్కలుగా కాక పిండిలా వస్తున్నదంటే గొలుసు మొద్దుబారిందన్నమాట. ఆపి సాన పట్టండి.

కంటికి అద్దాలు తప్పవు. పొట్టు పడితే నలపవద్దు. మంచినీళ్ళు ధారగా పోసి కడగండి. ఆముదం, చనుబాలు, ఆకు పసర్లు కంట్లో వేయవద్దు. మేకు తగిలి ఇనుప రవ్వ ఎగిరిందనిపిస్తే కన్ను కడగక, నొక్కక, చిన్న గిన్నెలాంటిది కంటి మీద బోర్లించి నేరుగా కంటి డాక్టరు దగ్గరికి వెళ్ళాలి.

పాత పెంకుటిళ్ళు విప్పి, వాటి టేకు దూలాలనూ వాసాలనూ తిరిగి కోయించుకోవడం మన దగ్గర మామూలే. వాటిలో మేకులు తప్పక ఉంటాయి. ముందుగా అయస్కాంతం గాని, వైర్లను వెతికే చిన్న పరికరం గాని పెట్టి అంగుళం అంగుళం చూడండి. పెరటి చెట్టయితే, ‘‘ఇక్కడ దండెం కట్టేవారా? బర్రెను కట్టేవారా?’’ అని ఇంటి పెద్దలను అడగండి. ఆ ఒక్క ప్రశ్న కోరుట్ల ఆయన కాలును కాపాడి ఉండేది.

పొగ, పెట్రోలు

వాన పడుతున్నదని రేకుల షెడ్డులో తలుపులు మూసి మిషను నడపవద్దు. దాని పొగలో కార్బన్ మోనాక్సైడు ఉంటుంది. దానికి వాసన లేదు, రంగు లేదు. అది రక్తంలోని ఎర్ర పదార్థాన్ని ప్రాణవాయువు కంటే రెండువందల రెట్లు బలంగా పట్టుకుంటుంది. తలనొప్పి, వాంతి వచ్చినట్లుండడం, కళ్ళు తిరగడం మొదటి గుర్తులు. వేలికి పెట్టే చిన్న ఆక్సిజను మీటరు ఈ స్థితిలో తప్పు చెబుతుంది, 98 చూపిస్తుంది. దాన్ని నమ్మి ఇంట్లో పడుకోవద్దు.

మోటారు సైకిలు నుంచి పెట్రోలు తీయడానికి పైపు నోట్లో పెట్టుకుని పీల్చే అలవాటు మానండి. ఒక్క గుక్క ఊపిరితిత్తుల్లోకి పోతే నిమోనియా వస్తుంది. మింగినవారికి వాంతి చేయించరాదు. మంచినీళ్ళ సీసాలో పెట్రోలు పోసి అరుగు మీద పెట్టవద్దు. పిల్లలు తాగుతారు. వేడి మిషనులో పెట్రోలు పోయవద్దు. పది నిమిషాలు చల్లారనివ్వండి.

ఏం వేసుకోవాలి?

లుంగీ, ధోవతి, మెడలో తువ్వాలు, వదులు చొక్కా, చేతికి కడియం, కాలికి రబ్బరు చెప్పులు, వీటిలో ఏ ఒక్కటి ఉన్నా మిషను ముట్టవద్దు. గొలుసు గుడ్డ కొసను పట్టిందంటే మనిషిని లాక్కుంటుంది. బిగుతైన ప్యాంటు, గట్టి బూట్లు, తలకు హెల్మెట్టు, ముఖానికి జల్లెడ ముసుగు కావాలి. గొలుసు తగలగానే పీచు ఊడివచ్చి గొలుసును బిగించే ప్రత్యేక తొడుగులు తొడలకు దొరుకుతాయి. వాటి ఖరీదు మిషను ఖరీదుకు దగ్గరగా ఉంటుంది. ‘‘అంత పెట్టి అవి కొనాలా?’’ అంటారు. మిషను కొనగలిగినవారు అవీ కొనాలి. లేకపోతే మిషనూ కొనవద్దు.

ఒంటరిగా పని చేయవద్దు. అయితే తోడు ఉన్నవారు రంపానికి ఎదురుగా నిలబడరాదు. దుంగ కొస పట్టుకోమని పిల్లలను పిలవడం ఘోరమైన తప్పు. భుజం ఎత్తుకు మించి రంపం ఎత్తవద్దు. కల్లు తాగినవారు ఆ పూటకు మిషను జోలికి పోరాదు. జగిత్యాల ఎండలు మీకు తెలియనివి కావు. వేసవిలో ఉదయం పదింటిలోపే పని ముగించండి. ఉప్పు వేసిన మజ్జిగ తాగుతూ ఉండండి. కరెంటు తీగల దగ్గరి కొమ్మలను మీరు కోయవద్దు, కరెంటు ఆఫీసువారికి చెప్పండి.

ఇంకొక మాట. 2002 నాటి వాల్టా చట్టం ప్రకారం చాలా రకాల చెట్లను, అవి సొంత స్థలంలో ఉన్నా సరే, కొట్టడానికి ముందు అనుమతి తీసుకోవాలి. టేకు వంటి కలపను తరలించడానికి అటవీశాఖ పర్మిటు కావాలి. అనుమతి లేదని రాత్రిపూట దీపం వెలుగులో కోస్తూ చెయ్యి తెగ్గొట్టుకున్నవారు, కేసు భయంతో ఆసుపత్రికి ఆలస్యంగా వచ్చినవారు ఉన్నారు. చెట్టు సంగతి తరువాత తేలుతుంది. ముందు ఆసుపత్రికి రండి.

గాయమైతే వెంటనే చేయవలసినవి

మిషను ఆపండి. మనిషిని పడుకోబెట్టండి. శుభ్రమైన గుడ్డ మడిచి గాయం మీద రెండు చేతులతో గట్టిగా అదమండి. చూద్దామని మాటిమాటికి తీయవద్దు. గుడ్డ తడిస్తే దాని మీదే మరొకటి వేయండి. ఇంకొకరు 108కి ఫోను చేయాలి.

పసుపు, కాఫీపొడి, సున్నం, నశ్యం, పెట్రోలు ఏదీ గాయం మీద వేయవద్దు. అవి రక్తాన్ని ఆపవు. మేము గాయం కడిగేటప్పుడు మాత్రం అడ్డుపడతాయి.

చేతి నుంచో కాలి నుంచో రక్తం చిమ్ముతూ, అదిమినా ఆగకపోతే, గాయానికి పైన రెండు మూడు అంగుళాల దూరంలో, కీలు మీద కాకుండా, రెండు అంగుళాల వెడల్పు గుడ్డ కట్టి, దానిలో పుల్ల దూర్చి రక్తం ఆగేదాకా మెలితిప్పండి. సన్నని తాడు, తీగ పనికిరావు. కట్టిన సమయాన్ని ఒంటి మీదే రాయండి. దారిలో విప్పవద్దు.

వేలు తెగి పడిపోతే దాన్ని తడిపి పిండిన శుభ్రమైన గుడ్డలో చుట్టి, ప్లాస్టిక్కు సంచిలో వేసి మూతి గట్టిగా కట్టి, ఆ సంచిని మంచునీళ్ళలో పెట్టి వెంట తెండి. వేలుకు మంచు నేరుగా తగలరాదు. ఎంత త్వరగా తెస్తే అతికే ఆశ అంత ఎక్కువ. రంపం కోతలో అంచులు నలిగి ఉంటాయి కనుక ప్రతి వేలూ అతకదని కూడా చెప్పాలి.

కోరుట్ల నుంచి జగిత్యాల సుమారు 25 కిలోమీటర్లు, సిరిసిల్ల నుంచి కరీంనగర్ సుమారు 40. జగిత్యాలలో 2022లో, సిరిసిల్లలో 2023లో ప్రభుత్వ వైద్య కళాశాలలు వచ్చాయి. కనుక మునుపటిలాగా ప్రతి గాయానికీ హైదరాబాదు పరుగెత్తనక్కరలేదు. ముందు దగ్గరి పెద్దాసుపత్రికి చేరండి.

రంపం గాయాన్ని వెంటనే బిగించి కుట్టించుకోవద్దు. సిరిసిల్ల వైపు నుంచి ఒకాయన ముంజేతి గాయాన్ని ఎక్కడో అరగంటలో కుట్టించుకున్నాడు. లోపల పొట్టు అలాగే ఉంది. నాలుగో రోజున చెయ్యి ఉబ్బి, చీము పట్టి, జ్వరంతో మా దగ్గరికి వచ్చాడు. కుట్లన్నీ విప్పి, చచ్చిన కండ తీసి, వారాల తరబడి కట్లు కట్టవలసి వచ్చింది. ఇటువంటి గాయాన్ని ముందు బాగా కడిగి, చచ్చిన కండ తీసివేసి, అవసరమైతే కొన్ని రోజులు తెరిచి ఉంచి తరువాత కుడతారు. ‘‘డాక్టరు కుట్లు వేయకుండా వదిలేశాడు’’ అని కోపగించుకోకండి.

పాఠకులు తరచుగా అడిగే ప్రశ్నలు

*ధనుర్వాతం సూది ఎప్పుడో వేయించుకున్నాను. మళ్ళీ కావాలా?*

చిన్నప్పుడు అన్ని మోతాదులూ పడినవారు పదేళ్ళకొకసారి టీడీ సూది వేయించుకోవాలి. మురికి గాయమైతే చివరి సూది పడి అయిదేళ్ళు దాటినా మళ్ళీ వేయించాలి. అసలు ఎప్పుడూ పడనివారికి దీనితో పాటు మరో మందు కూడా అవసరం. మిషను కొనేముందే టీడీ వేయించుకోవడం తెలివైన పని.

*కరెంటు రంపం, బ్యాటరీ రంపం మేలు కదా?*

పొగ ఉండదు, కంపం, చప్పుడు తక్కువ. గొలుసు మాత్రం అదే. కోతలో తేడా లేదు. తడి నేల మీద కరెంటు రంపం వాడవద్దు.

*అయితే మిషను కొనవద్దంటారా?*

ఒకటి రెండు దుంగల కోసమైతే కొనవద్దంటాను. మిల్లుకు పంపడమో, అనుభవం, చట్రం, సామగ్రి ఉన్న కోతగాణ్ణి ఇంటికి పిలవడమో మేలు. ఏటేటా పని ఉన్నవారు మంచి మిషను, దానితో పాటు చట్రం, రక్షణ సామగ్రి కొని, తెలిసినవారి దగ్గర నేర్చుకుని మొదలుపెట్టాలి. చేతులు కాలాక ఆకులు పట్టుకుంటే లాభం లేదు.

నాలుగు నెలల తరువాత కోరుట్ల ఆయన పరీక్షకు వచ్చాడు. కొద్దిగా కుంటుతున్నాడు. మోకాలు పూర్తిగా మడవలేడు. మిగిలిన దుంగను మిల్లుకు పంపి కోయించాడట. ‘‘దర్వాజ నిలబెట్టినం సారూ. మీరు ఒక్కపారి మా ఇంటికి రావాలె’’ అన్నాడు. ‘‘మిషను ఏం చేశావయ్యా?’’ అని అడిగాను. కొడుకు తండ్రి వైపు చూసి, ‘‘గొలుసు తీసి అటక మీద ఏసిన సార్. తొడుగులు కొన్నంక సూద్దాం’’ అన్నాడు.

తండ్రి ఏమీ అనలేదు. వెళ్ళేముందు ఆ అబ్బాయికి టీడీ సూది వేయించి పంపాను.